ఇంగ్లీషు స్పెల్లింగు: స్పెన్స్ దారి, కాబెట్ దారి

తెలుగు పండితుడు ఇంగ్లీషు స్పెల్లింగు గురించి వ్యాసం రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. మా పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుని పోస్టు ఏడాదికి పైగా ఖాళీగా ఉండిపోవడంతో ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పీరియడ్లు నా నెత్తిన పడ్డాయి. ఒకరోజు డిక్టేషన్ చెబుతూ 'డెట్' అన్నాను. సగం మంది డి, ఇ, టి అని మూడక్షరాలు రాసి ఊరుకున్నారు. మధ్యలో బి ఉండాలని చెప్పి, తప్పు రాసినవాళ్ళను పదేసిసార్లు రాయమన్నాను. వెనక బెంచీలోంచి ఒక కౌలురైతు కూతురు లేచి, "పలకని అక్షరం ఎందుకు రాయాలి సార్?" అని అడిగింది. అప్పు అంటే ఏమిటో ఆ పిల్లకు నేను చెప్పనక్కరలేదు. అప్పు మధ్యలో ఆ బి ఎందుకుందో మాత్రం నేను చెప్పవలసిందే. "అదంతే, కూర్చోమ్మా" అన్నాను. ప్రశ్నించడం నేర్చుకోవాలని ఇరవై ఏళ్ళుగా సభల్లో చెబుతున్నవాణ్ణి ఆ రోజు చెప్పిన జవాబు అది.

మరో అనుభవం కూడా చెప్పాలి. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు ఒక కార్యాలయంలో చిన్న ఉద్యోగానికి దరఖాస్తు పట్టుకుని వెళ్ళాడు. అక్కడి గుమాస్తా ఆ కాగితంలోని రెండు మూడు స్పెల్లింగు తప్పుల్ని పక్కవాళ్ళకు పైకి చదివి వినిపించాడట. కుర్రవాడు కాగితం వెనక్కి తీసుకుని వచ్చేశాడు. ఆ పనికి కావలసిన తెలివితేటలు వాడికి పుష్కలంగా ఉన్నాయని నాకు తెలుసు. వాడికి లేనిది రెండు మూడు పలకని అక్షరాల జ్ఞానం మాత్రమే.

స్పెల్లింగు గురించి మన మధ్య రెండు రకాల వాదాలు వినిపిస్తాయి. స్పెల్లింగు సంస్కారానికి గుర్తు, అది రానివాడికి చదువు రానట్టే అన్నది ఒకటి. పరాయి పాలకుల భాష, దాని తికమక రాతను నెత్తికెత్తుకోవడం బానిసత్వమే అన్నది రెండోది. మొదటి వాదం చేసేవాళ్ళకు చరిత్ర అక్కరలేదు. రెండో వాదం చేసేవాళ్ళలో చాలామంది తమ పిల్లలకు స్పెల్లింగు ముందే నేర్పించి ఉంటారు. ఈ 'సరైన స్పెల్లింగు' ఎప్పుడు, ఎవరి చేతుల్లో, ఎవరి అవసరం కోసం తయారైందో తెలియకుండా దాని ప్రాముఖ్యాన్ని తేల్చడం సాధ్యం కాదు.

ఇంగ్లీషు పుట్టుకతోనే ఇంత చిక్కుగా లేదు. లాటిన్ లిపిని తమ ధ్వనులకు సరిపడేలా మలచుకుని, చాలని చోట కొత్త అక్షరాలు చేర్చుకుని ప్రాచీనాంగ్ల లేఖకులు దాదాపు పలికినట్టే రాసేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఏలికల భాష ఫ్రెంచి అయింది, రాతగాళ్ళ చెయ్యి ఫ్రెంచికి అలవాటు పడింది. 'హూస్' అనే ఇల్లు ఫ్రెంచి పద్ధతిలో ఓ, యు అక్షరాలతో రాయబడింది. 'క్వేన్' అనే రాణికి సి, డబ్ల్యూ తీసేసి క్యూ, యు తగిలించారు. మళ్ళీ ఇంగ్లీషుకు రాచకొలువులో చోటు దొరికింది పదిహేనో శతాబ్దంలో. 1417 నుంచి అయిదో హెన్రీ తన లేఖలు ఇంగ్లీషులో రాయించాడు. తరువాత చాన్సరీ అనే రాజ కార్యాలయంలోని గుమాస్తాలు రాసిన తీరు నలుగురికీ ఒరవడి అయింది. స్పెల్లింగుకు మొదటి ఒరవడి పెట్టింది కవులు కాదు, గుమాస్తాలు. నా శిష్యుడి కాగితం చదివి నవ్విన గుమాస్తాకు ఈ సంగతి తెలిస్తే ఎంత గర్వపడేవాడో!

1476లో విలియం కాక్స్టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. 1490లో అచ్చువేసిన ఒక పుస్తకం పీఠికలో ఆయన ఒక ముచ్చట చెప్పాడు. కొందరు వర్తకులు థేమ్స్ నది మీద గాలిలేక ఆగిపోయి ఒడ్డున దిగారట. ఒకడు ఒక ఇల్లాలిని 'ఎగ్స్' కావాలని అడిగాడు. తనకు ఫ్రెంచి రాదంది ఆమె. అతనికీ ఫ్రెంచి రాదు, అందుకని కోపం వచ్చింది. రెండోవాడు 'ఐరెన్' కావాలన్నాడు. అలా చెప్పు మరి, అర్థమైందంది. రెండూ గుడ్లే, రెండూ ఇంగ్లీషే. ఏ మాట అచ్చువెయ్యాలని కాక్స్టన్ తల పట్టుకున్నాడు. ఆయన ముద్రణ నేర్చింది కొలోన్‌లో, తొలి పుస్తకం అచ్చువేసింది బ్రూజ్‌లో. ఆ ప్రాంతపు అలవాటు అచ్చుతోపాటు ఇంగ్లండుకు వచ్చింది. దెయ్యానికి వాడే 'ఘోస్ట్'లో హెచ్ అలా దూరిందే. వరస చివర సమంగా రావడానికి అక్షరాలు కూర్చేవాళ్ళు ఒక ఇ తగిలించడం, ఒక ఇ పీకెయ్యడం కూడా కద్దు.

ఇక్కడ ఒక పెద్ద పొరపాటు జరిగిపోయింది, దానికి ఎవరినీ తప్పుపట్టలేం. సుమారు 1400 నుంచి 1700 వరకు ఇంగ్లీషువారి దీర్ఘాచ్చుల ఉచ్చారణ మొత్తం మారిపోయింది. ఆ కాలంలోనే 'నైట్' అనే వీరభటుడి ముందున్న కె మూగబోయింది, రాత్రిలోని జి, హెచ్ గొంతు దిగిపోయాయి. నోరు మారుతుండగా అచ్చు గడ్డకట్టింది. ఇవాళ మన పిల్లలు బట్టీపడుతున్నది చాలామటుకు ఆరువందల ఏళ్ళ కిందటి నోళ్ళు పలికిన ఇంగ్లీషు.

డెట్‌లో బి మాత్రం అలా మూగబోయింది కాదు, ఇంగ్లీషువాడి నోట అది ఏనాడూ పలకలేదు. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాట రాతలో బి లేదు. లాటిన్ మూలంలో బి ఉందని గుర్తొచ్చిన పండితులు పదిహేను, పదహారు శతాబ్దాల్లో దాన్ని తెచ్చి మధ్యలో ఇరికించారు. 'డౌట్'లో బి అలాంటిదే, 'రిసీట్'లో పి అలాంటిదే. అదే బంధువర్గంలోని 'డిసీట్'కు పి పెట్టడం మరిచిపోయారు. 'ఐలండ్'లో ఎస్ అయితే శుద్ధ పొరపాటు, ఆ మాటకు లాటిన్‌తో చుట్టరికమే లేదు. ఈ పండిత ప్రకర్షను షేక్‌స్పియర్ తన నాటకంలో హోలోఫెర్నిస్ అనే పంతులి పాత్ర ద్వారా ఎగతాళి చేశాడు. డౌట్‌లో బి పలకనివాళ్ళ మీద ఆ పంతులు మండిపడతాడు. షేక్‌స్పియర్ సంతకాలు మనకు ఆరు మిగిలాయి. అవి ఒకదానిలా ఒకటి లేవు, ఏ ఒక్కటీ మనమిప్పుడు రాసే స్పెల్లింగులో లేదు. ఆయన ఇవాళ దరఖాస్తు పట్టుకుని వస్తే అందులోనూ గుమాస్తాకు నవ్వుకోవడానికి చాలానే దొరుకుతుంది.

అంటే అప్పటికి స్పెల్లింగు తప్పడం సిగ్గుపడవలసిన విషయం కాదన్నమాట. సిగ్గు ఎప్పుడొచ్చింది? పద్దెనిమిదో శతాబ్దంలో. వర్తకం పెరిగి, అచ్చు చవకై, మధ్యతరగతి చదవడం రాయడం నేర్చిన రోజులవి. బట్టల్ని బట్టి, బండిని బట్టి పెద్దమనిషిని గుర్తుపట్టడం కష్టమవుతున్న సమయం. 1750లో చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు తన కొడుక్కు రాసిన ఒక ఉత్తరంలో స్పెల్లింగు గురించి గట్టిగా హెచ్చరించాడు. ఒక్క తప్పు రాస్తే జన్మంతా నవ్వులపాలు కావలసి వస్తుందని, 'హోల్సమ్' అనే మాటకు ముందుండే డబ్ల్యూ వదిలేసిన ఒక గొప్పింటివాడు ఆ అపహాస్యం నుంచి మళ్ళీ తేరుకోలేదని ఆయన చెప్పాడు. ఆ తప్పువల్ల అర్థం చెడిందని ఆయన అనలేదు. పరువు పోయిందన్నాడు. అయిదేళ్ళకు, 1755లో, శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చింది. పుస్తక వ్యాపారుల పెట్టుబడితో, తొమ్మిదేళ్ళ శ్రమతో తయారైన ఆ మహాగ్రంథంలో సుమారు 42,000 మాటలున్నాయి. సహాయం అవసరమైన రోజుల్లో పట్టించుకోక, పుస్తకం పూర్తయ్యాక పొగడ్తలతో ముందుకొచ్చిన పోషకుణ్ణి జాన్సన్ ఒక లేఖలో కడిగేశాడు. ఆ పోషకుడు ఈ చెస్టర్‌ఫీల్డే. సాహిత్య విద్యార్థులు ఆ లేఖను రచయిత స్వాతంత్ర్య ప్రకటనగా చదువుతారు, అది న్యాయమే. కాని జాన్సన్ నిఘంటువు చెస్టర్‌ఫీల్డ్ భయాన్ని ఊరందరి భయంగా మార్చిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఈ ఘట్టంలోనే ఇద్దరు పేదింటి మనుషులు చరిత్రలోకి వస్తారు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం వాళ్ళే.

థామస్ స్పెన్స్ 1750లో న్యూకాసిల్‌లో పుట్టాడు. తండ్రి వలలు అల్లుకునేవాడు, సంతానం పంతొమ్మిది మంది. స్పెన్స్ బడిపంతులయ్యాడు. 1775లో ఆయన ఒక నిఘంటువు అచ్చువేశాడు. అందులో ప్రతి మాట పక్కన దాని ఉచ్చారణను తాను కల్పించిన నలభై అక్షరాల కొత్త లిపిలో ఇచ్చాడు. ఒక ధ్వనికి ఒక అక్షరం, ఒక అక్షరానికి ఒక ధ్వని. కూలినాలి చేసుకునేవాళ్ళకు చదువుకోసం ఏళ్ళ తరబడి ఖర్చుపెట్టే తీరిక ఉండదు కాబట్టి వాళ్ళు త్వరగా చదవడం నేర్చుకోవాలన్నది ఆయన ఉద్దేశం. ఆ అక్షరాల పోతకు కావలసిన ఉక్కు అచ్చులు చెక్కి ఇచ్చింది తరువాత చిత్రకారుడుగా పేరు పొందిన థామస్ బ్యూయిక్. అదే ఏడాది నవంబరులో స్పెన్స్ న్యూకాసిల్ తాత్విక సంఘంలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. భూమి ఏ ఒక్కడి సొత్తూ కాదని, ఊరి భూమి ఊరందరిదీ కావాలని అందులో వాదించాడు. దాన్ని అచ్చువేసి వీధుల్లో అమ్మించినందుకు సంఘం ఆయన్ని బయటకు పంపింది.

ఒకే ఏడాది, ఒకే మనిషి, రెండు ప్రతిపాదనలు. సాహిత్య చరిత్రకారులు ఈ రెంటినీ వేరువేరు అధ్యాయాల్లో పెడతారు. స్పెన్స్‌కు అవి వేరు కావు. నేలకు కంచె వేసినట్టే అక్షరానికీ కంచె వేశారని ఆయన గ్రహించాడని నేను అనుకుంటాను. లండన్ చేరి, చాన్సరీ లేన్‌లో ఒక బంకు పెట్టుకుని విప్లవ సాహిత్యం అమ్ముకుని బతికాడు. ఒకప్పుడు గుమాస్తాలు స్పెల్లింగుకు ఒరవడి పెట్టిన చాన్సరీ పేరే ఆ వీధిది! 1794లో విచారణ లేకుండా నెలల తరబడి జైల్లో పెట్టారు. 1801లో ఒక పుస్తకం రాసినందుకు ఏడాది శిక్ష, ఇరవై పౌన్ల జరిమానా. విడుదలయ్యాక 1803లో ఆ విచారణ వృత్తాంతాన్ని తన కొత్త లిపిలోనే అచ్చువేశాడు. దాన్ని ఎంతమంది చదవగలిగారన్నది వేరే సంగతి. లిపి మార్చినంత మాత్రాన పాఠకులు పుట్టుకురారు. 1814లో పేదవాడుగానే కన్నుమూశాడు.

రెండోవాడు విలియం కాబెట్. 1763లో ఫార్నమ్‌లో ఒక చిన్న రైతు ఇంట పుట్టి, చిన్నప్పుడు పొలాల్లో పిట్టలు తోలాడు. 1784లో సైన్యంలో చేరాడు. రోజుకు ఆరు పెన్నీల జీతం. తన పడక అంచున కూర్చుని లౌత్ రాసిన ఇంగ్లీషు వ్యాకరణాన్ని ఆసాంతం చేత్తో రాసుకుని, కంఠస్థం చేసి, కాపలా కాసేటప్పుడు వల్లెవేశాడు. దీపానికి డబ్బుల్లేక చలికాలంలో నెగడు వెలుగులో చదివాడు. కలం, కాగితం కొనడానికి తిండి తగ్గించుకున్నాడు. ఒకసారి చేప కొనుక్కుందామని దాచుకున్న అర పెన్నీ పోతే దుప్పటి ముసుగేసుకుని ఏడ్చానని తరువాత రాసుకున్నాడు. పాలకుల కన్నెర్రకు గురై 1817లో అమెరికా వెళ్ళిపోయి, అక్కడ ఒక వ్యాకరణం రాశాడు. 1818లో అచ్చయింది. సిపాయిలు, నావికులు, పనినేర్చుకునే కుర్రవాళ్ళు, నాగలి దున్నే కుర్రవాళ్ళ కోసం అని దాని ముఖపత్రం మీదే వేశాడు. అది కొడుక్కు రాసిన ఉత్తరాల రూపంలో ఉంటుంది. చెస్టర్‌ఫీల్డ్ కూడా కొడుక్కే రాశాడు. ఒక తండ్రి కొడుకును నలుగురిలో నవ్వులపాలు కావద్దన్నాడు. రెండో తండ్రి, మన మీద పెత్తనం చేసేవాడి మాటల్లో తప్పుపట్టగలిగేలా నేర్చుకోమన్నాడు. రాజు పార్లమెంటులో చదివిన ప్రసంగంలోని తప్పుల్ని, జాన్సన్ పండితుడి తప్పుల్ని కూడా ఉదాహరణలుగా ఏరి ఆ పుస్తకంలో పెట్టాడు. 1831లో ఒక స్పెల్లింగు వాచకం కూడా వేశాడు.

కాబెట్ ఇంత పట్టుదల ఎందుకు పట్టాడో అర్థం కావాలంటే ఒక సంఘటన చాలు. 1793లో ఓటు హక్కు కోసం షెఫీల్డ్ ప్రజలు పంపిన విన్నపాన్ని, భాష మర్యాదగా లేదన్న సాకుతో కామన్స్ సభ స్వీకరించలేదు. అడిగినదానికి జవాబు చెప్పడం ఇష్టం లేనివాడు అడిగిన తీరును తప్పుపడతాడు. ఆ సాకును శత్రువు చేతిలోంచి లాక్కోవాలన్నది కాబెట్ దారి.

స్పెన్స్ అడ్డుగోడను పడగొట్టమన్నాడు. కాబెట్ గోడ దూకే ఒడుపు నేర్పాడు. చరిత్ర కాబెట్ వైపు నిలబడింది. అందువల్ల స్పెన్స్ అడిగింది తప్పు ప్రశ్న అని అనడానికి వీల్లేదు.

ఆ తరువాత గోడ ఇంకా ఎత్తు పెరిగింది. 1855లో సివిల్ సర్వీస్ కమిషన్ ఏర్పడింది. పుట్టుకను బట్టి కాక పరీక్షను బట్టి ఉద్యోగం ఇవ్వడం నిస్సందేహంగా ముందడుగే. కాని పరీక్షలో తేలికగా మార్కులు కొయ్యగలిగినది స్పెల్లింగు. మాక్స్‌ముల్లర్ 1876లో రాసిన వ్యాసంలో పాఠశాలల తనిఖీ అధికారి మోరెల్ చెప్పిన లెక్క ఒకటి ఉంది. సివిల్ సర్వీస్ పరీక్షల్లో తప్పిన 1,972 మందిలో 1,866 మంది స్పెల్లింగులోనే తప్పారట. దిగువన పేదల బళ్ళలో 1862 నాటి నిబంధనావళి వచ్చింది. తనిఖీ అధికారి వచ్చి పిల్లవాణ్ణి చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షిస్తాడు. పై తరగతుల్లో రాయడమంటే డిక్టేషనే. ఒక్కో అంశంలో తప్పితే పిల్లవాడికి రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీల చొప్పున బడికి గ్రాంటు తగ్గుతుంది. అంటే పిల్లవాడి తప్పుకు వెల కట్టారు. పంతులు జీతం దానిమీద ఆధారపడింది. ఆ తప్పు చేసిన చేతిమీద బెత్తం ఎంత బలంగా పడి ఉంటుందో ఊహించుకోవచ్చు. తనిఖీ అధికారుల్లో ఒకడైన కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఈ పద్ధతిని బహిరంగంగా వ్యతిరేకించాడు.

ఈ ఫలితాల గ్రాంటు పద్ధతి మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా దిగుమతి అయింది. డిక్టేషన్, ఇంపొజిషన్, తప్పుకింద ఎర్రగీత ఇవన్నీ మన బళ్ళలో దాని వారసత్వమే. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో గిరీశం ఇంగ్లీషు ముక్కలు వెదజల్లితే చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు తెరుస్తారు. గిరీశానికి కాగితం, కలం ఇచ్చి డిక్టేషన్ చెప్పి ఉంటే ఏమయ్యేదో గురజాడ మనకు చూపించలేదు.

స్పెన్స్ దారిలో తరువాత నడిచినవాళ్ళూ ఉన్నారు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ కొన్ని మాటల్లో అక్షరాలు తగ్గించి నెగ్గాడు. 1906లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మూడు వందల మాటలకు కొత్త స్పెల్లింగు ఆజ్ఞాపించి, పత్రికల ఎగతాళికీ కాంగ్రెసు తిరస్కారానికీ గురై అదే ఏడాది వెనక్కి తగ్గాడు. బెర్నార్డ్ షా తన ఆస్తిలో భాగం కొత్త లిపికి కేటాయిస్తూ వీలునామా రాస్తే, అది కోర్టుకెక్కింది. చివరకు 1962లో ఒక్క నాటకం ఆ లిపిలో వెలువడింది. 1949 మార్చిలో లేబర్ పార్టీ సభ్యుడు మాంట్ ఫోలిక్ పెట్టిన స్పెల్లింగు సంస్కరణ బిల్లు 84 – 87 ఓట్లతో వీగిపోయింది. మూడే ఓట్లు! 1953లో మరో బిల్లు 65 – 53తో రెండో పఠనం దాటింది కాని పరిశోధన జరిపిస్తామన్న ప్రభుత్వ హామీ మీద దాన్ని ఉపసంహరించుకున్నారు. రష్యాలో అకాడమీ పండితులు ఏళ్ళ తరబడి చర్చిస్తూ వచ్చిన సంస్కరణను 1918లో సోవియట్ ప్రభుత్వం శాసనంతో అమలు జరిపి అనవసరమైన అక్షరాల్ని తొలగించగలిగింది. ఇంగ్లీషుకు అలాంటి అవకాశం రాలేదు. ఇప్పుడు ఆ భాష ఏ ఒక్క ప్రభుత్వం చెప్పుచేతల్లోనూ లేదు.

స్పెన్స్ దారిలో ఒక చిక్కుందని కూడా ఒప్పుకోవాలి. పలికినట్టు రాయమంటే ఎవరు పలికినట్టు? లండన్‌వాడిదా, న్యూకాసిల్‌వాడిదా? తన ఊరివాళ్ళ యాస చూసి ఎవరూ నవ్వకూడదని స్పెన్స్ కూడా పెద్దలు మెచ్చిన ఉచ్చారణనే తన నిఘంటువుకు ఆధారం చేసుకున్నాడు. కాక్స్టన్ చెప్పిన గుడ్ల పేచీ మళ్ళీ మొదటికొచ్చింది. మనకిది కొత్త కాదు. పలకని అరసున్ననూ, అర్థం చెప్పని బండి 'ఱ'నూ బడిపిల్లల నెత్తిన రుద్దవద్దని వాదించిన గిడుగు రామమూర్తి పక్షాన నిలబడ్డ సంఘం మనది. అయినా ఆ పోరాటంలో గెలిచిన 'శిష్ట వ్యావహారికం' ఏ జిల్లాలది, ఏ కులాలవారిది అని తెలంగాణ, రాయలసీమ, కళింగాంధ్ర రచయితలు నిలదీసినప్పుడు మనలో ఎందరం సూటిగా జవాబు చెప్పాం? లోతుగా చూస్తే ఇంగ్లీషు స్పెల్లింగులోని మొండితనంలో ఒక చిన్న మేలుంది. అది ఎవరి నోటికీ సరిపోదు కాబట్టి ఆక్స్‌ఫర్డువాడూ, జమైకావాడూ, మా ఎనిమిదో తరగతి పిల్లా ముగ్గురూ దాన్ని బట్టీపట్టవలసిందే. కాకపోతే ఆక్స్‌ఫర్డువాడి ఇంట్లో పుస్తకాలుంటాయి.

ఇప్పుడు ఫోనే తప్పులు దిద్దుతోంది కదా, ఈ గొడవంతా ఎందుకని నా మిత్రుడొకాయన అన్నాడు. దిద్దే ఫోను పరీక్ష హాలులోకి రానివ్వరు. పైగా అది మాటను దిద్దుతుంది కాని, రాసినవాడు ఏ మాట ఉద్దేశించాడో దానికి అన్నిసార్లూ తెలియదు. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్ల మాధ్యమం వచ్చింది. కూలివాళ్ళ పిల్లలు సైన్సూ సోషలూ కూడా ఈ స్పెల్లింగుతోనే రాయాలి. వాళ్ళకు నేర్పకుండా 'ఇదంతా బూర్జువా ఆచారం' అని తప్పుకునే పంతులు, గుమాస్తా చేతికి ఎర్రకలం అందించినట్టే.

కాబట్టి నేను నేర్పుతూనే ఉన్నాను. ఆ మర్నాడు క్లాసులో డెట్‌లోని బి కథంతా తెలుగులో చెప్పాను. లాటిన్ మోజుతో పండితులు పెట్టిన అక్షరమని, దానికంటే ముందు ఇంగ్లీషువాళ్ళు కూడా ఆ పిల్ల రాసినట్టే బి లేకుండా రాశారని చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, "అయితే తప్పు వాళ్ళది కదా సార్, పదిసార్లు మేమెందుకు రాశాం?" అంది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఇంపొజిషన్ మానేశాను. వారానికి పది మాటలు, ప్రతి మాటకూ దొరికినంత కథ, ఆ పైన డిక్టేషన్.

డిక్టేషన్‌లో తప్పును తప్పుగానే గీస్తాను. సైన్సు, సోషల్ జవాబుపత్రాల్లో మాత్రం విషయం తెలిసి రాసినవాడికి స్పెల్లింగు తప్పిందని మార్కు కొయ్యకూడదని సిబ్బంది సమావేశంలో అన్నాను. సోషల్ మాస్టారు ఒప్పుకోలేదు. రేపు పబ్లిక్ పరీక్షలో పేపరు దిద్దేవాడు కోస్తే ఎవరు జవాబుదారీ అని ఆయన అడిగారు. ఆయన మాటలోనూ నిజముంది. ఈ విషయం మీద మా ఇద్దరి మధ్యా వాదన ఇంకా సాగుతూనే ఉంది.